వేలితో తిరిగే చక్రం వెనక పాతికేళ్ల ఓపిక: ఫ్రాన్సిస్ డేవిస్ జీవితం



పొద్దున్నే బడి బస్సు మీ వీధి మలుపు తిరగడం మీరు రోజూ చూస్తూనే ఉంటారు. నిజాంపట్నంలో ఆ సమయానికి రోడ్డు ఖాళీగా ఉండదు. ఒక పక్క హార్బరు నుంచి చేపలూ రొయ్యలూ ఐసులో వేసుకుని బయల్దేరే లారీ, ఇంకో పక్క ఆగి ఉన్న ఆటో. ఆ మధ్యలో పిల్లలతో నిండిన బస్సు. డ్రైవరు పెద్దగా కష్టపడినట్టు కనబడడు. చక్రం తిప్పుతాడు, టన్నుల బరువున్న బస్సు మెల్లగా ఒరిగి మలుపు తిరుగుతుంది.

మీ నాన్నగారినో తాతగారినో అడిగి చూడండి. పాత ఆర్టీసీ బస్సుల్లో ఇది ఇంత తేలిక కాదు. స్టీరింగ్ చక్రం భోజనాల పళ్లెమంత కాదు, అంతకు రెండింతలు ఉండేది. డ్రైవరు రెండు చేతులతో పట్టుకుని, ఒళ్లంతా ముందుకు వంచి, దాదాపు సీట్లోంచి లేచి తిప్పేవాడు. సాయంత్రానికి భుజాలు పడిపోయేవి. ఆ కష్టం పోవడానికి కారణం బస్సు కింద, డ్రైవరు కాళ్లకు కొంచెం ముందు, నూనె మరకలతో ఉండే ఒక ఇనుప పెట్టె. పవర్ స్టీరింగ్ గేర్‌బాక్స్ అంటాం. ఈ నెల జీవిత కథ ఆ పెట్టెను పనికొచ్చేలా చేసిన మనిషిది. పేరు ఫ్రాన్సిస్ డేవిస్.

మంచి ఉద్యోగం వదిలిన ఇంజనీరు

డేవిస్ 1887లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. హార్వర్డ్‌లో ఇంజనీరింగ్ చదివాడు. తర్వాత పియర్స్-యారో అనే కంపెనీలో చేరాడు. ఆ రోజుల్లో పియర్స్-యారో కార్లంటే అమెరికాలో ధనవంతుల కార్లు. అదే కంపెనీ లారీలు కూడా చేసేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ లారీలు ఐరోపా రోడ్ల మీద తిరిగాయి. డేవిస్ ఆ లారీల విభాగానికి చీఫ్ ఇంజనీరు.

లారీల విభాగంలో ఉన్న మనిషికి లారీ డ్రైవర్ల కష్టం తెలుస్తుంది. లారీ బరువు పెరిగే కొద్దీ ముందు చక్రాలు తిప్పడం కష్టమవుతుంది. ఆగి ఉన్న లారీని తిప్పడం ఇంకా కష్టం. గుంతలో చక్రం పడితే ఆ కుదుపు నేరుగా డ్రైవరు చేతికి వచ్చి కొడుతుంది. గేర్లు మార్చి చక్రాన్ని తేలిక చేయొచ్చు కానీ, అప్పుడు ఒక్క మలుపుకు ఎన్నో చుట్లు తిప్పాలి. అంటే, బలం తగ్గిస్తే చుట్లు పెరుగుతాయి, చుట్లు తగ్గిస్తే బలం పెరుగుతుంది. మనిషి చేతి బలం మీదే ఆధారపడినంత కాలం ఈ ముడి విడదు.

ఈ ఆలోచన ఆయనకే మొదట వచ్చిందనుకుంటే పొరపాటు. 1900లోనే అమెరికాలో రాబర్ట్ ట్వైఫర్డ్ అనే ఆయన స్టీరింగుకు యంత్ర సాయం మీద పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందే సముద్రం మీద ఈ పని జరిగింది. మన తీరం వాళ్లకు చుక్కాని సంగతి చెప్పనక్కర్లేదు. 1606లో డచ్చివాళ్లు నిజాంపట్నంలో వర్తక స్థావరం పెట్టిన రోజుల్లో ఓడ చుక్కానిని మనుషులే తోసేవారు. ఓడలు ఇనుపవై, పెద్దవయ్యాక మనుషుల బలం చాల్లేదు. 1866లో మెక్‌ఫార్లేన్ గ్రే అనే ఇంజనీరు గ్రేట్ ఈస్టర్న్ అనే భారీ ఓడకు ఆవిరితో నడిచే స్టీరింగ్ యంత్రం చేశాడు. అందులో గొప్ప సంగతి బలం కాదు. చక్రం ఎంత తిప్పితే చుక్కాని అంతే తిరిగి, తనంత తానే ఆగిపోవడం.

ఓడలో అంత యంత్రం పెట్టడానికి చోటుంది. కారులో, లారీలో లేదు. డేవిస్ ముందున్న పని అది.

1920ల మొదట్లో, ముప్పై ఐదేళ్ల వయసు దగ్గర్లో, ఆయన పియర్స్-యారో ఉద్యోగం వదిలేశాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తమ్ ఊళ్లో చిన్న వర్క్‌షాపు అద్దెకు తీసుకున్నాడు. జార్జ్ జెస్సప్ అనే పనిమంతుడైన టూల్‌మేకరును తోడు పెట్టుకున్నాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మీ ఇంట్లోనే ఒక అబ్బాయో అమ్మాయో పెద్ద కంపెనీలో చీఫ్ ఇంజనీరు హోదా వదిలి, అద్దె షెడ్డులో మెకానిక్ పక్కన నిలబడతానంటే మీరేమంటారు? ఆ ప్రశ్నకు జవాబు తేలిక కాదు. డేవిస్ కథ కూడా దానికి తేలికైన జవాబు ఇవ్వదు.

కారిపోయే నూనె నేర్పిన పాఠం

డేవిస్ ఎన్నుకున్నది హైడ్రాలిక్స్, అంటే నూనె ఒత్తిడితో పని చేయించడం. జేసీబీ చెయ్యి ఎత్తేదీ, ట్రాక్టరు వెనక నాగలి లేపేదీ ఇదే బలం. అయితే ఆ కాలపు హైడ్రాలిక్ యంత్రాల్లో ఒక చిక్కు ఉంది. నూనెను ఎప్పుడూ గట్టి ఒత్తిడిలో మూసి ఉంచేవారు. పని కావలసినప్పుడు వాల్వు తెరిచేవారు. ఎప్పుడూ ఒత్తిడిలో ఉన్న నూనె ఎక్కడ సందు దొరికితే అక్కడ కారుతుంది. సీళ్లు అరుగుతాయి. పంపు రోజంతా బరువు మోస్తుంది.

డేవిస్ దాన్ని తిరగేశాడు. వాల్వు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నూనె పంపు నుంచి వచ్చి, వాల్వులోంచి హాయిగా తిరిగి డబ్బాలోకి పోతూ ఉంటుంది. ఒత్తిడి దాదాపు ఉండదు. డ్రైవరు చక్రం తిప్పినప్పుడు మాత్రం వాల్వు ఒక దారిని కాస్త మూస్తుంది. అప్పుడే ఒత్తిడి పుడుతుంది.

మీ ఇంట్లో మొక్కలకు నీళ్లు పెట్టే పైపు తీసుకోండి. చివర తెరిచి వదిలేస్తే నీళ్లు మెత్తగా పారతాయి. చివర బొటనవేలు పెట్టి నొక్కండి. వెంటనే వేలి కింద బలం తెలుస్తుంది. నీళ్లు అవే, కుళాయి అదే. కొత్తగా చేరిందల్లా మీ వేలు. డేవిస్ వాల్వు ఆ వేలు లాంటిది. మీరు మీ పిల్లలకు ఈ ఒక్క పని చేసి చూపిస్తే, పవర్ స్టీరింగులో సగం వాళ్లకు అర్థమైనట్టే.

పెట్టె విప్పితే

గుంటూరు ఆటోనగరులోనో మీ దగ్గరి మెకానిక్ షెడ్డులోనో లారీ స్టీరింగ్ గేర్‌బాక్స్ విప్పుతుంటే ఎప్పుడైనా నిలబడి చూడండి. డేవిస్ నాటి వాల్వు ముందుకూ వెనక్కూ జరిగేది. తర్వాతి కాలంలో దాని రూపు మారింది. ఇప్పుడు బస్సుల్లో, లారీల్లో ఎక్కువగా కనిపించే పెట్టెలో ఇవి ఉంటాయి.

ముందుగా పెట్టె బయట ఇంజనుకు తగిలించిన పంపు. దాని లోపల చిన్న రేకుల్లాంటి పలకలు గిర్రున తిరుగుతూ నూనెను తోస్తాయి. దాని పైనో పక్కనో నూనె డబ్బా. అక్కడి నుంచి రెండు పైపులు. లావుగా, గట్టిగా ఉండేది ఒత్తిడి నూనె వెళ్లేది. మెత్తటిది తిరిగి వచ్చేది. పంపులోనో పెట్టెలోనో రిలీఫ్ వాల్వు ఒకటి ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటితే నూనెను దారి మళ్లించి పైపులు పగలకుండా కాపాడుతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 30 నుంచి 35 పీఎస్‌ఐ ఉంటే, పవర్ స్టీరింగులో గట్టిగా తిప్పినప్పుడు అది 1000 పీఎస్‌ఐ దాటుతుంది. రిలీఫ్ వాల్వు ఎందుకో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఇక పెట్టె లోపల. డ్రైవరు చక్రం నుంచి వచ్చే కడ్డీ ఒక సన్నటి ఉక్కు కమ్మీకి తగులుతుంది. దాన్ని టార్షన్ బార్ అంటారు. చక్రం తిప్పితే ఆ కమ్మీ తడిగుడ్డ పిండినట్టు కొద్దిగా మెలిపడుతుంది. కొద్ది డిగ్రీలే. ఆ చిన్న మెలికే లోపలి వాల్వుకు ఆజ్ఞ. ఒక గొట్టంలో ఇంకో గొట్టం ఉన్నట్టుండే ఆ వాల్వులో గాడులు కాస్త పక్కకు జరిగి, నూనెకు ఒక వైపు దారి మూసి, ఇంకో వైపు తెరుస్తాయి.

కమ్మీ రెండో చివర వార్మ్ అనే మరచుట్ల కడ్డీ. దాని చుట్టూ పిస్టన్. పిస్టన్ లోపల కూడా అలాంటి మరచుట్ల గాడులే. రెండింటి మధ్య ఉక్కు గోళీలు వరుసగా దొర్లుతూ, ఒక చివర నుంచి చిన్న గొట్టం గుండా మళ్లీ మొదటికి వస్తుంటాయి. ఇనుమును ఇనుము రాసుకోకుండా గోళీలు దొర్లడం వల్ల అరుగుదల తగ్గుతుంది. పిస్టన్‌కు ఒక వైపు నూనె వచ్చి తోస్తుంది. పిస్టన్ బయటి పళ్లు సెక్టర్ షాఫ్టు పళ్లను తిప్పుతాయి. ఆ షాఫ్టు చివర పిట్‌మన్ ఆర్మ్ అనే చెయ్యి కడ్డీలను లాగుతుంది. చక్రాలు తిరుగుతాయి.

ఇప్పుడు చక్రం తిప్పడం ఆపండి. పిస్టన్ జరిగిన కొద్దీ వార్మ్ తిరిగి, టార్షన్ బార్ మెలిక విడిపోతుంది. వాల్వు మళ్లీ మధ్యకు వస్తుంది. సాయం ఆగిపోతుంది. ఓడ చుక్కాని సంగతి గుర్తుంది కదా. చెయ్యి ఎంత అడిగితే యంత్రం అంతే ఇస్తుంది, అడగడం ఆపితే ఇవ్వడం ఆపుతుంది.

వీటన్నిటినీ కలిపి ఉంచేవి రబ్బరు సీళ్లు. ఖరీదు చూస్తే పెట్టెలో అన్నిటికంటే చవక. అవి పోతే పెట్టె మొత్తం పనికిరాదు.

చూసి మెచ్చుకున్నారు, కొనలేదు

డేవిస్ తన పరికరాన్ని 1921 నాటి పియర్స్-యారో రన్‌అబౌట్ కారుకు బిగించాడు. 1926లో దాన్ని డెట్రాయిట్ తీసుకెళ్లి జనరల్ మోటార్స్ ఇంజనీర్లకు చూపించాడు. బండి నిలబడి ఉండగానే చక్రం తేలిగ్గా తిరగడం వాళ్లు చూశారు. నచ్చింది. ఒప్పందం కుదిరింది. డేవిస్ వాళ్లతో కలిసి ఏళ్ల తరబడి పనిచేశాడు.

అయితే అప్పుడే ఆర్థిక మాంద్యం వచ్చింది. కార్లు అమ్ముడుపోవడమే కష్టమైంది. ఖరీదైన కొన్ని కార్లకే ఈ పరికరం పెడితే ఒక్కోదానికి అయ్యే ఖర్చు గిట్టదని లెక్క తేలింది. 1934లో జనరల్ మోటార్స్ ఒప్పందం రద్దు చేసుకుంది. డేవిస్‌కు అప్పటికి నలభై ఏడేళ్లు.

పరికరం పనిచేయక కాదు. పనిచేస్తుందని అందరికీ తెలుసు. లెక్క కుదరలేదు. పిల్లలకు మనం సాధారణంగా చెప్పే కథల్లో బాగా కష్టపడితే ఫలితం వస్తుంది. ఇక్కడ పన్నెండేళ్ల కష్టం, మంచి ఫలితం, అయినా కొనేవాడు లేడు.

1936లో ఆయన బెండిక్స్ అనే కంపెనీతో మళ్లీ ఒప్పందం చేసుకున్నాడు. 1939 వరకు తయారైనవి పది. అందులో రెండు బ్యూక్ కంపెనీ ప్రయోగాలకు కొన్నది. పది పరికరాలు, పదిహేనేళ్ల పైచిలుకు పని. ఆ లెక్క చూసి ఎవరైనా మానేసేవారు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధ వాహనాల బరువు చేతితో తిప్పేది కాదు. బ్రిటిష్ సైన్యం కోసం షెవర్లే చేసిన కవచ వాహనాలకు డేవిస్, బెండిక్స్‌ల పవర్ స్టీరింగ్ పెట్టారు. యుద్ధం ముగిసేసరికి పదివేల పైగా వాహనాల్లో అది ఉంది. శాంతి కాలంలో ఖర్చు ఎక్కువన్న వస్తువును యుద్ధం ఏ ప్రశ్నా లేకుండా తీసుకుంది.

గడువు తీరిన హక్కు

1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగ్ పెట్టి అమ్మకానికి తెచ్చింది. పవర్ స్టీరింగుతో అమ్మకానికి వచ్చిన కార్లలో ఇదే మొదటిది. జనం ఎగబడ్డారు. కానీ అందులో వాడినవి గడువు తీరిపోయిన డేవిస్ పేటెంట్లు.

పేటెంటు అంటే కనిపెట్టిన వాడికి కొంత కాలం ఇచ్చే హక్కు. అమెరికాలో ఆ రోజుల్లో అది మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లు. మన దేశంలో ఇప్పుడు దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్లు. ఆ గడువు దాటితే ఎవరైనా వాడుకోవచ్చు. అది దొంగతనం కాదు, చట్టం ప్రకారమే. అయినా డేవిస్ వైపు నుంచి ఒకసారి చూడండి. లోకం సిద్ధం కాకముందే ఆయన సిద్ధమయ్యాడు. లోకం సిద్ధమయ్యేసరికి ఆయన మొదటి హక్కులు పోయాయి.

ఆయనను నిలబెట్టింది ఒక్కటే. మొదటి పేటెంటు దగ్గర ఆగిపోలేదు. ఆ పాతికేళ్లూ పరికరాన్ని మెరుగు పరుస్తూనే ఉన్నాడు. పోటీ చూసి కంగారుపడిన జనరల్ మోటార్స్ వెనక్కి వచ్చి మళ్లీ డేవిస్‌తో కలిసింది. 1952లో క్యాడిలాక్ కార్లకు పవర్ స్టీరింగ్ వచ్చింది. 1953కల్లా జనరల్ మోటార్స్ పది లక్షల పరికరాలు చేసింది. 1956 నాటికి అమెరికా రోడ్ల మీద ప్రతి నాలుగు కార్లలో ఒకదానికి పవర్ స్టీరింగ్ ఉంది. వాల్తమ్ షెడ్డులో పని మొదలుపెట్టినప్పుడు ముప్పైల్లో ఉన్న మనిషి అప్పటికి డెబ్భైకి దగ్గర పడ్డాడు.

డేవిస్ 1978లో, తొంభై ఏళ్ల వయసులో చనిపోయాడు. పదేళ్ల తర్వాత 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే చిన్న కారుకు నూనె లేకుండా కరెంటు మోటారుతో స్టీరింగ్ సాయం వచ్చింది. ఇప్పుడు మీ ఇంటి ముందున్న చిన్న కారులో బహుశా అదే ఉంటుంది. అందులోనూ టార్షన్ బార్ ఉంది. అది వాల్వును కదపడానికి బదులు, ఎంత మెలిపడిందో సెన్సారుకు చెబుతుంది. బస్సుల్లో, లారీల్లో మాత్రం నూనె పెట్టెదే ఇంకా రాజ్యం.

మీకు పనికొచ్చే నాలుగు మాటలు

ఈ కథ చదివాక మీ బండి గురించి కొన్ని సంగతులు గుర్తు పెట్టుకోండి. ఇవి ప్రాణాలకు సంబంధించినవి.

నూనె సాయం ఇంజను తిరుగుతున్నంత సేపే. వంతెన దిగేటప్పుడు డీజిల్ ఆదా అవుతుందని ఇంజను ఆపడం కొందరికి అలవాటు. ఇంజను ఆగితే కడ్డీలు, పళ్లు తెగిపోవు, చేతి బలంతో బండి తిరుగుతుంది. కానీ చక్రం ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఆ ఆశ్చర్యంలోనే ప్రమాదం జరుగుతుంది. కదిలే బండిలో ఇంజను ఆపకండి, ఆపనివ్వకండి.

చక్రాన్ని చివరి దాకా తిప్పి అలాగే గట్టిగా పట్టుకుని ఉంచకండి. అప్పుడు వచ్చే కీచుమనే శబ్దం రిలీఫ్ వాల్వు మోస్తున్న బరువు. నూనె వేడెక్కుతుంది, సీళ్లు త్వరగా పోతాయి.

బండి నిలిపిన చోట ముందు భాగం కింద నూనె చుక్కలు, తిప్పేటప్పుడు పంపు మూలుగు, ఒక వైపు తేలిగ్గా ఇంకో వైపు బరువుగా తిరగడం, వీటిలో ఏది కనిపించినా మెకానిక్కుకు చూపించండి. నూనె పోస్తూ నెట్టుకురావడం మందు కాదు. మీ పిల్లలు ఎక్కే బండిలో స్టీరింగ్ ఎలా ఉందని డ్రైవరును అడగడానికి మొహమాటపడకండి. అది మీ హక్కు.

చివరిది మీ ఇంటి గురించి. బొమ్మ కారు విప్పేసి మళ్లీ బిగించలేక కూర్చున్న పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారం వాడిని తిట్టకుండా పక్కన కూర్చోండి. రెండు చేతులు మరకలైనా పరవాలేదు. నీళ్ల పైపు చివర బొటనవేలు పెట్టించండి. ఆ వేలి కింద పుట్టే బలం గురించి అడగండి. జవాబు రాకపోయినా తొందరపెట్టకండి. ఈ కథలో పెద్ద కంపెనీలకే జవాబు తోచడానికి పాతికేళ్లు పట్టింది.

వచ్చే నెల మరో జీవిత కథతో కలుద్దాం.